ఇంటి మొత్తానికి నీటి ఫిల్టరు పెట్టించాలా, వద్దా? (బోడుప్పల్, బోరు నీళ్ళు, నల్లా నీళ్ళు ఒకే సంపులో)

మల్లెపందిరి
మాది హైదరాబాద్ బోడుప్పల్‌లో రెండంతస్తుల సొంత ఇల్లు. అత్తగారు, మామగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు కలిపి ఆరుగురం ఉంటాము. జలమండలి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. చాలనప్పుడు 900 అడుగుల బోరు ఆడిస్తాము. రెండూ ఒకే సంపులో పడి, అక్కడి నుంచి మోటారు ద్వారా పైట్యాంకుకు ఎక్కుతాయి. ఐదేళ్ళలో రెండు గీజర్లు పాడయ్యాయి, షవరు రంధ్రాలు పూడుకుపోయాయి, స్టీలు గిన్నెల మీద తెల్లటి మరకలు ఎంత తోమినా పోవడం లేదు. మా పెద్దపాపకు మోచేతుల మడతల్లో దద్దుర్లు వస్తున్నాయి. అది నీళ్ళ వల్లనే అని చూసినవారందరూ అంటున్నారు.

గత ఆదివారం ఒక కంపెనీ ప్రతినిధి ఇంటికి వచ్చి, మా నల్లా నీటిని ఒక గ్లాసులో పట్టి, అందులో కరెంటుతో పనిచేసే పరికరం ఒకటి ముంచారు. రెండు నిమిషాలలో ఆ నీళ్ళు గోధుమరంగు బురదలా మారిపోయాయి. ఆయన తెచ్చుకున్న సీసాలోని నీళ్ళు మాత్రం మారలేదు. ఆ రోజు నుంచి మా అత్తగారు ఆ నీటితో నైవేద్యం వండడానికి కూడా మనసొప్పక, బయటి నుంచి క్యాన్లు తెప్పిస్తున్నారు. ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, సాఫ్ట్‌నర్ కలిపి 1,20,000 రూపాయలు అవుతుందని ఆయన చెప్పారు. అంత డబ్బు పెట్టే ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను.

నిజాంపేట్_నివాసి
కాఠిన్యం ఎంత ఉందని చెప్పారు? ఆ ఒక్క అంకె తెలియకుండా ఎవరూ మీకు సలహా ఇవ్వలేరు.

మల్లెపందిరి
సంపు నీటికి టీడీఎస్ 780 అని మీటరులో చూపించారు. కాఠిన్యం అనే మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ప్రయోగశాల
ముప్పై ఏళ్ళు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పిన వాడిగా, మొదట మీ అత్తగారి భయం తీర్చాలనుకుంటున్నాను. ఆ పరికరంలో ఇనుప కడ్డీలు ఉంటాయి. లవణాలు ఉన్న నీటిలో కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి ఇనుము కరిగి తుప్పుగా మారి, నీటికి ఆ గోధుమరంగు వస్తుంది. ఆ బురద మీ నీటిలో ముందుగా ఉన్నది కాదు, కడ్డీ నుంచి వచ్చింది. ఆయన సీసాలోని నీరు ఆర్వో నీరు అయి ఉంటుంది. అందులో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు, రంగూ రాదు. ఆ సీసాలో చిటికెడు వంటింటి ఉప్పు వేసి అదే కడ్డీ ముంచితే, ఆ నీరు కూడా అలాగే మారుతుంది. ఆయన మళ్ళీ వస్తే ఈ పరీక్ష మీ అత్తగారి ఎదుటే చేయించండి.

ఇక టీడీఎస్ అంటే నీటిలో కరిగిన పదార్థాల మొత్తం. కాఠిన్యం అంటే అందులో కాల్షియం, మెగ్నీషియంల వాటా. మీ గీజరును పాడుచేసింది రెండవది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాములు, కాఠిన్యం 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉండడం మంచిది. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే వరుసగా 2,000, 600 వరకు అనుమతిస్తారు. ఇసుక ఫిల్టరు మట్టిని ఆపుతుంది, కార్బన్ క్లోరిన్‌ను, వాసనను తీస్తుంది. ఈ రెండింటిలో ఏదీ కాఠిన్యాన్ని ఒక్క మిల్లీగ్రాము కూడా తగ్గించదు. ఆ పని సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ అనే సన్నని పూసలు మాత్రమే చేస్తాయి. కాబట్టి మూడింటినీ ఒకే మూటగా కాకుండా, ఏది ఏ జబ్బుకు మందో విడివిడిగా చూడండి.

నల్లా నీరు, బోరు నీరు, సంపు నీరు మూడు వేర్వేరు సీసాలలో పట్టి పరీక్ష చేయించండి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటి పరీక్షలు చేస్తారు. కాఠిన్యంతో పాటు నైట్రేటు, ఫ్లోరైడు, ఇనుము కూడా అడగండి. మన ప్రాంతమంతా గ్రానైటు రాయి. లోతైన బోరులో ఏముందో కంటితో తెలియదు.

అల్వాల్_విశ్రాంత
నా ఉద్దేశంలో ఇంటి మొత్తానికి ఏదీ అవసరం లేదు. మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా బోరు నీళ్ళే. గీజరు వేడిని 50 డిగ్రీల దగ్గర ఉంచుతాను, ఏడాదికి ఒకసారి విప్పించి నిమ్మఉప్పు ద్రావణంతో లోపలి పొర కరిగిస్తాను, ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పిస్తాను. నీటిని ఎంత ఎక్కువ వేడి చేస్తే అంత ఎక్కువ సున్నం పేరుకుంటుంది. చాలామంది గీజరును 75 దగ్గర పెట్టి, తర్వాత నీటిని నిందిస్తారు. షవరు తలను రాత్రంతా నిమ్మఉప్పు నీటిలో వేసి ఉంచితే పొద్దుటికి రంధ్రాలు తెరుచుకుంటాయి. ఏడాదికి ఐదారు వందల రూపాయల పనికి లక్షకు పైగా ఎందుకు?

కొంపల్లి_మేడ
అల్వాల్ వారి మాటతో నేను ఏకీభవించలేను. నాకు నల్లా కనెక్షన్ లేదు, పూర్తిగా బోరే, కాఠిన్యం 720. నిమ్మఉప్పుతో గీజరు బాగుపడుతుంది కానీ గోడల లోపలి పైపులు బాగుపడవు. మా పాత ఇంట్లో వేడినీళ్ళ పైపు కోయించి చూస్తే, ముప్పాతిక అంగుళం పైపులో పెన్సిలు దూరేంత సందు మిగిలింది. కొత్త ఇల్లు కట్టినప్పుడు 2021లో సాఫ్ట్‌నర్ పెట్టించాను. సబ్బు, బట్టల పొడి సగానికి తగ్గాయి, గీజరు నాలుగేళ్ళుగా విప్పలేదు. మా ఆవిడ జుట్టు చిక్కులు పడడం తగ్గిందని అంటుంది.

అయితే దీనికి చాకిరీ ఉంది, రెసిన్‌ను ఎప్పటికప్పుడు ఉప్పు నీటితో కడగాలి. సంక్రాంతికి ఊరికి వెళ్ళి పది రోజుల తర్వాత వచ్చి, తొట్టిలో ఉప్పు అయిపోయిన సంగతి చూసుకోలేదు. రెండు వారాలు కఠిన జలమే ఇల్లంతా తిరిగింది. ఉప్పు వేసే మనిషి ఇంట్లో ఎవరో ముందే అనుకోవాలి.

ప్రయోగశాల
కొంపల్లి వారు చెప్పిన చాకిరీకి లెక్క చెబుతాను. ఇళ్ళకు సాధారణంగా పెట్టే 28 లీటర్ల రెసిన్ ఒక దఫాకు సుమారు 1,400 గ్రాముల కాఠిన్యాన్ని పట్టగలదు. నీటి కాఠిన్యం 500 అయితే, 2,800 లీటర్ల తర్వాత రెసిన్ నిండిపోతుంది. ఆరుగురికి తలసరి 135 లీటర్ల చొప్పున రోజుకు 810 లీటర్లు కావాలి. అంటే మూడున్నర రోజులకు ఒకసారి ఉప్పు నీటితో రెసిన్‌ను కడగాలి. ప్రతిసారీ నాలుగు కిలోల ఉప్పు, రెండు వందల లీటర్ల దాకా నీరు పోతాయి. నెలకు ముప్పై అయిదు కిలోల ఉప్పు.

ఇంకొక సంగతి మల్లెపందిరి గారు గుర్తుంచుకోవాలి. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసుకొని సోడియం ఇస్తుంది. కాఠిన్యం 500 ఉన్న నీటిలో అది లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియం అదనంగా చేరుస్తుంది. టీడీఎస్ తగ్గదు. ఇంట్లో రక్తపోటు ఉన్న పెద్దవారు ఉంటే, ఆ నీటిని తాగడానికి, వంటకు వాడకూడదు.

మల్లెపందిరి
మా మామగారికి రక్తపోటు ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. ఈ సోడియం సంగతి ఆ ప్రతినిధి చెప్పనే లేదు. పరీక్షకు సీసాలు సోమవారం ఇస్తాము.

పిల్లల_వైద్యుడు
పాప దద్దుర్ల గురించి ఒక మాట. మోచేతుల మడతల్లో వచ్చేది చాలాసార్లు ఎగ్జిమా అవుతుంది. ఇంటికి సాఫ్ట్‌నర్ పెడితే అది తగ్గుతుందా అని బ్రిటన్‌లో కఠిన జలం ఉన్న ప్రాంతాలలో 336 మంది పిల్లల మీద పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రచురించారు. పన్నెండు వారాల తర్వాత, మామూలు చికిత్స మాత్రమే పొందిన పిల్లలకూ, సాఫ్ట్‌నర్ కూడా ఉన్న పిల్లలకూ జబ్బు తీవ్రతలో తేడా కనిపించలేదు. కాబట్టి గీజరు కోసం సాఫ్ట్‌నర్ పెట్టించుకుంటే మీ ఇష్టం. పాప చర్మం కోసం మాత్రం లక్ష రూపాయలు ఖర్చు పెట్టవద్దు. గోరువెచ్చని నీటితో తక్కువసేపు స్నానం, ఘాటు సబ్బు మానడం, ఒళ్ళు తడి ఆరకముందే మాయిశ్చరైజరు రాయడం మొదలుపెట్టి, ఒకసారి చర్మవైద్యుడికి చూపించండి.

నిజాంపేట్_నివాసి
కార్బన్ ఫిల్టరు అయినా పెట్టించుకోవడం మంచిదే కదా? నల్లా వచ్చిన రోజు క్లోరిన్ వాసనకు మా ఇంట్లో టీ కూడా తాగలేము.

ప్రయోగశాల
వంటింటి కొళాయి దగ్గర పెట్టుకుంటే మంచిదే. సంపుకు ముందు పెడితే చెరుపు చేస్తుంది. జలమండలి కలిపే క్లోరిన్ మీ ఇంటికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని ప్రమాణం చెబుతుంది. సంపులో, పైట్యాంకులో రెండు రోజులు నిలిచే నీటికి ఆ కాస్త క్లోరిన్ కాపలా. దాన్ని గుమ్మంలోనే తీసేస్తే ట్యాంకులో, పైపులలో క్రిములు పెరగడానికి మనమే దారి ఇచ్చినట్లు అవుతుంది. వాసనకు భయపడేవారు తాగే నీటిని మూత లేని పాత్రలో కాసేపు ఉంచితే చాలావరకు పోతుంది.

పైపులపని
ఇరవై అయిదేళ్ళుగా నాచారం, ఉప్పల్ వైపు ప్లంబింగ్ పనులు చేయిస్తున్నాను. ఎక్కడ బిగించాలన్నది ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెబుతాను, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే.

పైట్యాంకు దిగువన, అంటే ఇంట్లోకి నీళ్ళు దిగే పైపు మీద సాఫ్ట్‌నర్ బిగిస్తే, పై అంతస్తులో షవరు సన్నని ధారగా పడుతుంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికే ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మీ పైట్యాంకు పై అంతస్తు కొళాయికి మూడు మీటర్ల ఎత్తులో ఉంటే 0.3 బార్ మాత్రమే వస్తుంది. ఈ యంత్రాలకు ఒకటిన్నర, రెండు బార్ కావాలి. అందుకని ప్రెజర్ పంపు కూడా కొనమంటారు. ఆ ఖర్చు మొదటి కొటేషన్‌లో ఉండదు.

సంపు నుంచి పైట్యాంకుకు ఎక్కే పైపు మీద బిగిస్తే మోటారు ఒత్తిడి సరిపోతుంది కానీ వేరే చిక్కు వస్తుంది. పైన మాస్టారు చెప్పిన 28 లీటర్ల రెసిన్ గంటకు వెయ్యి లీటర్ల నీటిని సరిగ్గా శుద్ధి చేస్తుంది. ఒక హార్స్‌పవర్ మోటారు రెండు మూడు వేల లీటర్లు తోస్తుంది. అంత వేగంగా పారితే కాఠిన్యం రెసిన్‌కు పట్టుబడకుండా పైకి వెళ్ళిపోతుంది. యంత్రం పనిచేయడం లేదని నన్ను పిలిచిన ఇళ్ళలో సగానికి పైగా ఇదే కారణం. కొటేషన్ తీసుకునేటప్పుడు మీ మోటారు బకెట్టు ఎన్ని సెకన్లలో నింపుతుందో కొలిచి చెప్పండి.

మల్లెపందిరి గారూ, మీ ఇంట్లో వంటింటికి, స్నానాల గదులకు పైపులు వేరుగా ఉన్నాయా, ఒకటేనా?

మియాపూర్_కమిటీ
మా సముదాయంలో 84 ఫ్లాట్లకు కలిపి పెద్ద సాఫ్ట్‌నర్ ఉంది. నాలుగేళ్ళు కార్యదర్శిగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: యంత్రం కంటే దాన్ని నడిపే మనిషి ముఖ్యం. ఆపరేటరు రాత్రి పూట కడగడం మానేసి, రిజిస్టరులో కడిగినట్లు రాసేవాడు. ఉప్పు ఖర్చు తగ్గిందని కమిటీ సంతోషించింది. ఆరు నెలల తర్వాత గీజర్ల ఫిర్యాదులు మొదలయ్యాయి. ఇప్పుడు చుక్కలతో చూసే కాఠిన్యం కిట్ కొని, ప్రతి శనివారం ఒక ఫ్లాటు కొళాయి నీటిని మేమే పరీక్షిస్తున్నాము. మందు చుక్కలు వేస్తే ద్రాక్షరంగు నీలంగా మారుతుంది. ఎన్ని చుక్కలకు మారిందన్నదే కాఠిన్యం. స్కూలు పిల్లలు కూడా చేయగలరు. అల్వాల్ వారు అన్నట్లు వదిలేయడం వ్యక్తిగత ఇంటికి కుదరవచ్చు, 84 గీజర్లకు కుదరదు.

అల్వాల్_విశ్రాంత
అపార్టుమెంట్ల సంగతి వేరని ఒప్పుకుంటాను. పైపుల లోపలి సున్నం గురించి కొంపల్లి వారు చెప్పింది కూడా నేను ఆలోచించని విషయం. మా ఇంట్లో వేడినీళ్ళ పైపు గీజరు నుంచి మూడడుగులే ఉండడం వల్ల నాకు ఆ బాధ తెలిసి ఉండదు.

ఇంకుడుగుంత
రెసిన్ కడిగిన ఉప్పు నీరు ఎక్కడికి పోతుందో ఇంతవరకు ఎవరూ రాయలేదు. మా వీధిలో ఒకరు దాన్ని ఇంకుడు గుంతలోకి వదిలారు. నాలుగు కిలోల ఉప్పు నాలుగు రోజులకు ఒకసారి భూమిలోకి దిగితే, ఆ ఉప్పు తిరిగి వచ్చేది మన బోరులోకే, పక్కవారి బోరులోకే. వారి జామచెట్టు ఒక వేసవిలో ఎండిపోయింది. తప్పనిసరిగా డ్రైనేజీకే కలపాలి. మేడ మీద వాననీటిని వడకట్టి ఇంకుడు గుంతకు మళ్ళిస్తే, ఏళ్ళ తరబడి బోరు నీటి గాఢత తగ్గుతూ వస్తుంది. నేను తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. మా బోరు టీడీఎస్ వానాకాలం తర్వాత స్పష్టంగా దిగుతుంది. ఇది సాఫ్ట్‌నర్‌కు బదులు కాదు, అయినా చేయవలసిన పని.

మల్లెపందిరి
ఫలితాలు వచ్చాయి. లీటరుకు మిల్లీగ్రాములలో రాస్తున్నాను.

నల్లా నీరు: టీడీఎస్ 260, కాఠిన్యం 130, నైట్రేటు 6.
బోరు నీరు: టీడీఎస్ 1,050, కాఠిన్యం 640, నైట్రేటు 62.
సంపు నీరు: టీడీఎస్ 780, కాఠిన్యం 465, నైట్రేటు 43.

ఫ్లోరైడు, ఇనుము మూడింటిలోనూ పరిమితిలోనే ఉన్నాయి. పైపులపని గారు అడిగిన దానికి జవాబు: వంటింటికి, బాత్‌రూములకు పైపు ఒకటే, కానీ ఫ్లష్ ట్యాంకులకు, పెరటి కొళాయికి కట్టినప్పుడే వేరే లైను వేశారట. మా మామగారు పాత నక్షా తీసి చూపించారు. ఈ నైట్రేటు గురించి కాస్త వివరించండి.

ప్రయోగశాల
నైట్రేటుకు పరిమితి 45. మీ బోరు దాన్ని దాటింది. మురుగు నీరు భూమిలోకి ఇంకే చోట్ల ఇలా జరుగుతుంది. దీనికి రంగు, రుచి, వాసన లేవు. సాఫ్ట్‌నర్ తీయదు, ఇసుక, కార్బన్ తీయవు. మరిగిస్తే నీరు ఆవిరై ఇంకా గాఢమవుతుంది. ఇంట్లో ఆర్వో ఉంటే తగ్గిస్తుంది. ఆ ప్రతినిధి బురదగా చూపించింది మీ నల్లా నీటిని. మీ మూడు సీసాలలో శుభ్రమైనది అదే. వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణా, గోదావరి నీళ్ళను శుద్ధి చేసి నగరానికి తెస్తున్నారు. ఆ నీటిని మీరు సంపులో బోరు నీటితో కలిపి పాడుచేస్తున్నారు. నాకు ఫిల్టరు ఆలోచన ఇప్పుడు రెండవది. మొదట ఈ రెండు నీళ్ళనూ వేరు చేయండి.

పిల్లల_వైద్యుడు
ఆరు నెలల లోపు శిశువులకు నైట్రేటు ఎక్కువ ఉన్న నీటితో పాలు కలపడం ప్రమాదకరం, రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. మీ ఇంట్లో అంత చిన్న పిల్లలు లేరు కానీ, పురుటికి ఎవరైనా వస్తే ఈ సంగతి మరచిపోకండి.

పైపులపని
మాస్టారు చెప్పింది మీ ఇంట్లో సులభం, ఎందుకంటే ఫ్లష్ లైను ఇప్పటికే వేరుగా ఉంది. లెక్క చూడండి. మన దేశ ప్రమాణంలో తలసరి 135 లీటర్లు అంటే స్నానానికి 55, ఫ్లష్‌కు 30, బట్టలకు 20, గిన్నెలకు 10, ఇల్లు కడగడానికి 10, వంటకు 5, తాగడానికి 5. ఫ్లష్, ఇల్లు కడగడం బోరుకు వదిలేస్తే మిగిలేది 95. ఆరుగురికి రోజుకు 570, నెలకు 17,100 లీటర్లు. 2021 జనవరిలో జీహెచ్‌ఎంసీ పరిధిలో మొదలైన పథకం కింద మీటరు ఉన్న ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితం, మీ ప్రాంతానికి వర్తిస్తుందో లేదో జలమండలిలో కనుక్కోండి. నల్లా సరిగ్గా వస్తే మీ సంపులో బోరు నీరు పడవలసిన అవసరమే లేదు. బోరును నేరుగా మేడ మీద మరో వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఎక్కించి, దాన్ని ఫ్లష్ లైనుకు, పెరటికి కలపండి. ట్యాంకు, పైపులు, కూలి కలిపి కొటేషన్‌లో అయిదో వంతు కూడా కాదు.

కొంపల్లి_మేడ
నాకు నల్లా ఉండి ఉంటే నేనూ ఇదే చేసేవాడిని. సాఫ్ట్‌నర్ నాకు వేరే దారి లేక పెట్టినది.

మల్లెపందిరి
మా వారు, మామగారు కూర్చొని ఇదే ఖాయం చేశారు. 130 కాఠిన్యానికి గీజరును 50 దగ్గర ఉంచి అల్వాల్ వారి పద్ధతి పాటిస్తాము. సంపు ఖాళీ చేయించి కడిగించాము. నిన్న నల్లా నీటితో మా అత్తగారు పరమాన్నం వండారు. పాపను బుధవారం చర్మవైద్యుడికి చూపిస్తున్నాము. ఒక్క సందేహం మిగిలింది: ఏప్రిల్, మే నెలలలో నల్లా మూడు రోజులకు ఒకసారి వస్తే ఏం చేయాలి?

పైపులపని
అప్పుడు ట్యాంకరు తెప్పించుకోవచ్చు, లేదా బోరు నీటికే చిన్న సాఫ్ట్‌నర్ పెట్టి స్నానాలకు మాత్రమే వాడుకోవచ్చు. అందుకని బోరు పైపు ఇప్పుడు వేసేటప్పుడే, సంపు పక్కన గోడ వెంట నాలుగు అడుగుల జాగా వదిలి, ఒక టీ జాయింటు, రెండు వాల్వులు పెట్టించి మూత బిగించండి. డ్రైనేజీ ఛాంబరు కూడా అటువైపే ఉందో లేదో చూసుకోండి; ఉప్పు నీటి పైపు ఇంటి ముందు నుంచి తిప్పాల్సి వస్తే టైల్స్ పగలగొట్టాలి.